గొట్టంలో ఉన్న స్వరాన్నే రాయడం: ఒక బ్రాస్ క్వింటెట్ కేస్ స్టడీ

ఐరోపాలోని ఒక నగరంలో అయిదుగురు కలిసి నడుపుకునే బ్రాస్ (పెదాలతో ఊదే లోహపు వాద్యాల) బృందం నన్నొక కొత్త రచన అడిగింది. రెండు బి ఫ్లాట్ ట్రంపెట్లు, ఒక డబుల్ హార్న్, ఎఫ్ అటాచ్‌మెంట్ (ట్రిగ్గర్ నొక్కితే కలిసే అదనపు గొట్టం) ఉన్న టెనర్ ట్రాంబోన్, ఒక ఎఫ్ ట్యూబా. బి ఫ్లాట్, ఎఫ్ అనేవి పాశ్చాత్య స్వరాల పేర్లు, ఆయా గొట్టం సహజంగా పలికే వరసకి అవే షడ్జమాలు. వాళ్ళ షరతు ఒక్కటే, రచన మొత్తం జస్ట్ ఇంటొనేషన్‌లో ఉండాలి. అంటే పియానో పన్నెండు మెట్లతో సంబంధం లేకుండా, స్వరాల మధ్య దూరాలన్నీ 3/2, 5/4, 7/4 లాంటి చిన్న చిన్న నిష్పత్తుల్లోనే నడవాలి. వాళ్ళ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరు, పేర్లు, తేదీలు వదిలేశాను. నేను చేసిన తప్పులు మాత్రం వదలలేదు, ఎందుకంటే నాకు పాఠం దొరికింది వాటిలోనే.

నేపథ్యం

తంబూరా మంద్ర తీగ మీటి చెవి ఆనిస్తే, ఎవరూ మీటని అంతర గాంధారం అందులోంచి లేస్తుంది. చిన్నప్పుడు శ్రుతి పెట్టడం నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. తీగ మొత్తంగానే కాక అయిదు భాగాలుగా కూడా కంపించడం వల్ల పుట్టే స్వరం అది, అయిదో హార్మోనిక్. బ్రాస్ వాద్యాల్లో ఈ వరస ఇంకా బాహాటంగా ఉంటుంది. బి ఫ్లాట్ గొట్టాన్ని వాల్వ్ (గాలి దారిని పొడిగించే మీట) నొక్కకుండా, పెదాల బిగువు మాత్రమే మారుస్తూ ఊదితే 2, 3, 4, 5, 6, 7, 8 హార్మోనిక్‌లు ఒక్కొక్కటే విడిగా పలుకుతాయి. మన లెక్కలో సా, పా, సా, గా, పా, ని, సా. 1818లో ష్టోల్ట్సెల్, బ్లూమెల్ అనే ఇద్దరు జర్మన్ వాద్యకారులు వాల్వ్‌కి పేటెంట్ తీసుకున్నారు. అంతకుముందు హార్న్, ట్రంపెట్ వాయించేవాళ్ళకి ప్రధానంగా ఉన్నవి ఈ స్వరాలే. హార్న్ వాళ్ళు బెల్‌లో, అంటే గొట్టం వెడల్పాటి చివరలో, చెయ్యి పెట్టి మూస్తూ మరికొన్ని రాబట్టేవారు.

ఈ వరసలోని గాంధారం పియానో గాంధారం కంటే 14 సెంట్లు తక్కువ. పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. ఏడో హార్మోనిక్‌గా వచ్చే నిషాదం 31 సెంట్లు తక్కువ. పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ దాదాపు నడిమధ్యన, షడ్జమం నుంచి 551 సెంట్ల దగ్గర పడుతుంది. వాల్వ్‌లు వచ్చాక తయారీదారులూ గురువులూ ఈ తేడాలు వినబడకుండా చెయ్యడానికే పాటుపడ్డారు. ట్రంపెట్ నేర్చుకునే పిల్లలకి ఏడో హార్మోనిక్ వచ్చే వేళ్ళ కట్టు నేర్పరు. ట్రాంబోన్ వాళ్ళు మొదటి పొజిషన్‌లో (జరిపే గొట్టమైన స్లయిడ్ పూర్తిగా లోపల ఉన్నప్పుడు) ఏడో హార్మోనిక్‌గా వచ్చే ఏ ఫ్లాట్‌ని పక్కన పెట్టి, అదే స్వరాన్ని మూడో పొజిషన్‌లో ఎనిమిదో హార్మోనిక్‌గా తీస్తారు. కాబట్టి జస్ట్ ఇంటొనేషన్ అడిగే స్వరాలు ఈ వాద్యాలకి పుట్టుకతో వచ్చినవే, వాయించేవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి వాటిని తప్పించుకోవడం నేర్చుకున్నవాళ్ళు. మొదట నేను వాళ్ళ శిక్షణ గురించి ఆలోచించాను గానీ, వాద్యాల పుట్టుక గురించి ఆలోచించలేదు.

సమస్య

మొదటి ప్రతి 14 నిమిషాల రచన. ఆధార షడ్జమం డి. ఎందుకు డి అంటే, దానికి ముందు తీగ వాద్యాలకి ఏదో రాస్తున్నాను. వయొలిన్, వయోలా, చెల్లో మూడింటికీ డి తీగ ఉంటుంది. ఆ అలవాటే చేతిలో మిగిలిపోయింది. 3, 5, 7, 11, 13 అంకెల మీద పుట్టే స్వరాలన్నీ వాడాను. ప్రతి స్వరం మీదా ఎన్ని సెంట్లు పైకో కిందికో రాశాను.

మొదటి రిహార్సల్‌లో తొలి శ్రుతిమేళనం (కలిసి మోగే స్వరాల గుంపు) నిలబెట్టడానికే చాలాసేపు పట్టింది. నిలబడినప్పుడు మాత్రం గదంతా మోగింది, అది చూసి అందరికీ ఉత్సాహం వచ్చింది. రెండో బార్‌కి కదలగానే అంతా చెదిరింది. అయిదుగురూ సమర్థులు, చెవి ఉన్నవాళ్ళు. అయినా ప్రతి కదలిక దగ్గరా ఎవరి లెక్క వాళ్ళు వెతుక్కుంటూ ఉండిపోయారు. ట్యూబా వాయించే పెద్దాయన విరామంలో నా దగ్గరికి వచ్చి, మర్యాదగానే, "మీరు మాకు అంకెలు ఇచ్చారు. నేను ఊదేది అంకె కాదు కదా" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చేసిన ప్రయత్నాలు, అవి ఎందుకు కుదరలేదు

మొదట ట్యూనర్లు పెట్టాం. ప్రతి స్టాండ్ మీదా ఫోన్, తెర మీద సూది. సూది చూసి పెదాలతో సర్దుకుంటే నిలిచిన స్వరం సరిపోయేది, కానీ నాదం చచ్చిపోయేది. బ్రాస్ గొట్టానికి ప్రతి హార్మోనిక్ దగ్గరా ఒక స్థిరమైన చోటు ఉంటుంది. పెదాలు అక్కడ కుదురుకుంటే గాలి తేలిగ్గా వెళ్ళి స్వరం తెరుచుకుంటుంది. పదిహేను, ఇరవై సెంట్లు పక్కకి లాగితే స్వరం వంగుతుంది గానీ మసకబారుతుంది. డి ఆధారంగా రాసిన నా రచన ఇలా లాగమనే అడుగుతోంది. ట్రంపెట్‌కి పై డి అంటే వాల్వ్ నొక్కని అయిదో హార్మోనిక్, పుట్టుకతో 14 సెంట్లు తక్కువ. అంటే నా షడ్జమాన్నే వాళ్ళు పెదాలతో ఎత్తి పట్టుకోవాలి! డికి ఏడో హార్మోనిక్ అయిన సి, పియానో సి కంటే 31 సెంట్లు దిగువన కావాలి. మొదటి వాల్వ్‌తో అది 14 తక్కువగా వస్తుంది, ఇంకో 17 పెదాలతో దించాలి. షడ్జమం ఎత్తు, నిషాదం దించు. ఒకే వాక్యంలో రెండు వైపులా లాగుడు.

రెండో ప్రయత్నం రాతలో మార్పు. మార్క్ సబాట్, వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ష్వైనిట్స్ రూపొందించిన హెల్మ్‌హోల్ట్స్–ఎల్లిస్ గుర్తులు వాడి మళ్ళీ రాశాను. ఏ స్వరం ఏ నిష్పత్తి నుంచి వచ్చిందో అందులో ఒక్క చూపుకి తెలుస్తుంది. విశ్లేషణకి అంత స్పష్టమైన పద్ధతి నాకు ఇంకోటి తెలియదు, నా సొంత ప్రతుల్లో ఇప్పటికీ అదే వాడతాను. కానీ ఈ బృందానికి అది కొత్త లిపి. లిపి చదివి, నిష్పత్తి ఊహించి, దాన్ని పెదాల్లోకి తెచ్చుకునేలోగా స్వరం దాటిపోయేది. లోపం గుర్తులది కాదు. ఆ గుర్తు స్వరం ఎక్కడ ఉండాలో చెబుతుంది, ఎలా చేరాలో చెప్పదు. వాళ్ళు నన్ను అడుగుతున్నది ఆ రెండోదే.

మూడోది, చెవిలో ఇయర్‌పీస్. కంప్యూటర్‌లో సరైన స్వరాలు తయారుచేసి ఒక్కొక్కరికీ వాళ్ళ స్వరం వినిపించాను. అంకెల ప్రకారం ఇదే అన్నిటికంటే మెరుగు. వినడానికి మాత్రం ఇదే అన్నిటికంటే బీద. ఒక చెవి మూసుకుపోవడంతో పక్కవాళ్ళని వినడం మానేశారు, అయిదుగురు మనుషులు అయిదు గదుల్లో కూర్చుని వాయించినట్టు తయారైంది. పైగా మేం కచేరీ చేయాల్సింది చల్లటి పాత చర్చిలో. గాలి ఒక డిగ్రీ చల్లబడితే గొట్టంలో శ్రుతి సుమారు 3 సెంట్లు దిగుతుంది. ఊపిరి వేడితో కొంత సర్దుకుంటుంది గానీ, పొడుగాటి ట్యూబా గొట్టం ట్రంపెట్ అంత త్వరగా వెచ్చబడదు. కంప్యూటర్‌కి చలి తెలియదు. అది 440 హెర్ట్జ్ ప్రామాణిక శ్రుతి దగ్గరే కూర్చుంటే బృందం కింద ఎక్కడో ఉంటుంది. దాన్ని ఒక్క రోజులోనే వదిలేశాం.

వీటన్నిటి అడుగున నేను గమనించని తప్పు ఇంకోటి ఉంది, ఇది పూర్తిగా రచనలో ఉన్నదే. నడి భాగంలో ఒక చక్రం రాశాను. సా మీద మేళనం, దా మీద మేళనం, రీ మీద, పా మీద, మళ్ళీ సా. ప్రతి మలుపులోనూ ముందు మేళనంలోని ఒక స్వరం తరువాతి దానిలోకి సాగాలి, అన్ని దూరాలూ శుద్ధంగా ఉండాలి. అలా శుద్ధంగా వెళితే దా 5/3 దగ్గర పడుతుంది, రీ 10/9 దగ్గర, పా 40/27 దగ్గర. తిరిగి సా దగ్గరికి వచ్చేసరికి అది 80/81. ఒక కమా, 21.5 సెంట్లు కిందికి! చక్రం నాలుగుసార్లు తిరిగితే 86 సెంట్లు, అంటే పియానోలో దాదాపు ఒక మెట్టు. బృందం ఎంత బాగా వింటే అంత కిందికి జారుతుంది. బాగా వినని రోజున జారేది కాదు, ఆ రోజు నేను సంతోషించాను కూడా. కాగితం మీద లెక్క వేసుకుని చూసుకున్నాక వాళ్ళందరికీ క్షమాపణ చెప్పాను.

మలుపు

ఒక రోజు నేను ముందుగా చేరేసరికి హార్న్ వాయించే ఆమె వేడెక్కడానికి వాల్వ్ లేకుండా ఎఫ్ గొట్టంలో స్వరాలు మెట్లు మెట్లుగా ఎక్కుతోంది. డబుల్ హార్న్‌లో రెండు గొట్టాలుంటాయి, ఎఫ్‌ది ఒకటి, బి ఫ్లాట్‌ది ఒకటి. బొటనవేలి వాల్వ్‌తో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారతారు. ఆమె ఆరు, ఏడు, తొమ్మిది హార్మోనిక్‌ల మధ్య ఊరికే తిరుగుతోంది. సి, కాస్త దిగిన ఇ ఫ్లాట్, జి. 6:7:9. నేను ఎన్నో రిహార్సల్స్‌లో రాబట్టలేకపోయిన మేళనం ఆమె వ్యాయామంలో, ఏ ప్రయత్నమూ లేకుండా, మెరుస్తూ వినిపించింది.

అక్కడే కూర్చుని ఆ అయిదు వాద్యాల్లో ఏ గొట్టాలు ఉన్నాయో రాసుకున్నాను. బి ఫ్లాట్ గొట్టాలు నాలుగు: రెండు ట్రంపెట్లు, ట్రాంబోన్, హార్న్‌లో ఒక సగం. ఎఫ్ గొట్టాలు మూడు: హార్న్‌లో రెండో సగం, ట్రిగ్గర్ నొక్కిన ట్రాంబోన్, ట్యూబా. ఏడు గొట్టాలు, రెండు కుటుంబాలు. నా రచనకి ఆధారమైన డి గొట్టం వాటిలో ఎక్కడా లేదు.

పని చేసినది

ఆధార షడ్జమాన్ని బి ఫ్లాట్‌కి మార్చాను. ఇది ఒట్టి స్థాయి మార్పు కాదు, ప్రతి స్వరానికీ ఇల్లు మారిపోయింది. ట్రంపెట్ గాంధారం ఇప్పుడు వాల్వ్ లేని అయిదో హార్మోనిక్, 14 సెంట్లు తక్కువ ఉండటమే దాని సరైన చోటు. వాళ్ళు ఇన్నాళ్ళూ సరిదిద్దుతూ వచ్చిన లోపమే ఇప్పుడు రచనకి కావలసినది. "ఏమీ చెయ్యకండి, ఊదండి చాలు" అని చెప్పాల్సి వచ్చింది. అది వాళ్ళకి తేలికేం కాలేదు. ఏళ్ళ అలవాటు పెదాలని తనంత తానే పైకి లాగుతుంది.

శ్రుతి పెట్టుకునే స్వరం కూడా మార్చాం. బి ఫ్లాట్ కాదు, ఎఫ్. కారణం ఇది: చిన్న ఎఫ్, 175 హెర్ట్జ్ దగ్గరిది, బి ఫ్లాట్ గొట్టానికి మూడో హార్మోనిక్, ఎఫ్ గొట్టానికి నాలుగోది. రెండు కుటుంబాలూ కలిసే చోటు అదే. హార్న్ ఆమె ఆ ఎఫ్ ఊదుతూ బొటనవేలు నొక్కీ వదిలీ చూస్తుంది. రెండు గొట్టాల్లోనూ ఒకే స్వరం వినబడేదాకా స్లయిడ్ సర్దుతుంది. ట్రాంబోన్ ట్రిగ్గర్‌తోనూ అంతే. ట్యూబా వాళ్ళతో కలుస్తుంది. పైస్థాయి ఎఫ్ మీద ట్రంపెట్లు చేరతాయి. తంబూరాకి ముందు పంచమం తీగ సరిచూసుకునే అలవాటు ఉన్న నాకు ఇది సొంతింటి పనిలా అనిపించింది.

ఇక ఆ చక్రం. సా–దా–రీ–పా వదులుకోవడానికి మనసొప్పలేదు, కానీ జారకూడదు. హార్న్‌ని నమ్ముకున్నాను. ఎఫ్ గొట్టంలో మూడో హార్మోనిక్‌గా వచ్చే రీ 9/8. తొమ్మిదోదిగా వచ్చే దా 27/16. అది 5/3 కంటే సరిగ్గా ఒక కమా పైన ఉంటుంది. అంటే రెండు దాలు కావాలి, ఒకటి దా మేళనంలో, ఒకటి రీ మేళనంలో. ముందు నేను ఒకే వాద్యం చేత ఒకే దా స్వరాన్ని సాగదీయించాను, జారుడు అక్కడే పుట్టింది. ఇప్పుడు మొదటి దా ట్రాంబోన్‌ది. స్లయిడ్ మీద ఒక కమా అంటే మొదటి పొజిషన్ దగ్గర దాదాపు 1.9 సెంటీమీటర్లు, కంటికి కనబడే దూరం. ఆయన ఆపిన తరువాత ఒక తాళమాత్ర నిశ్శబ్దం. అప్పుడు రీ మేళనం మూడు ఎఫ్ గొట్టాల్లో వస్తుంది: ట్యూబా మూడో హార్మోనిక్ సి (రీ), ట్రిగ్గర్ నొక్కిన ట్రాంబోన్ ఏడో హార్మోనిక్ ఇ ఫ్లాట్, హార్న్ తొమ్మిదో హార్మోనిక్ జి (దా). ఆ రోజు హార్న్ ఆమె ఒంటరిగా తిరిగిన 6:7:9 అదే, సి మాత్రం ఒక స్థాయి కింద. ముగ్గురిలో ఎవరూ పెదాలతో ఏదీ లాగక్కరలేదు. ట్రంపెట్లు అక్కడ మౌనంగా ఉంటాయి. ఆ మేళనం వాటి గొట్టాల్లో లేదు, లేనిదాన్ని అడగడం మానేశాను.

మంద్ర నిషాదం ఇంకో చిక్కు. ట్రంపెట్‌లో ఏడో హార్మోనిక్ చాలా పైన ఉంటుంది, నెమ్మదిగా, పొడుగ్గా పట్టుకోవడానికి అలుపొస్తుంది. నాకు దాని కింది స్థాయి కావాలి. బెర్లిన్‌లో ఉండే ట్యూబా వాద్యకారుడు రాబిన్ హేవర్డ్ 2009లో మైక్రోటోనల్ ట్యూబా రూపొందించారు. అలాంటి కొత్త వాద్యం మాకు అందదు, కానీ అందులోని ఆలోచన, వాల్వ్ ఇచ్చే దూరాన్నే మార్చుకోవచ్చన్నది, ఒక స్లయిడ్‌తో కూడా కొంతవరకు సాధ్యమే. మొదటి వాల్వ్ మామూలుగా 200 సెంట్లు దించుతుంది. నాకు 231 కావాలి, అంటే 8:7. ట్రంపెట్ గొట్టం సుమారు 148 సెంటీమీటర్లు, లెక్క ప్రకారం ఇంకో 3 సెంటీమీటర్ల గొట్టం కలవాలి. స్లయిడ్‌కి రెండు కాళ్ళు కాబట్టి 1.5 లాగితే చాలు. రెండో ట్రంపెట్ అలా లాగి పెట్టుకుని మొదటి వాల్వ్ నొక్కితే నడి స్థాయిలో నాలుగో హార్మోనిక్‌గా ఆ నిషాదం గట్టిగా నిలబడింది. దానికి చెల్లించిన వెల, ఆ భాగంలో ఆ ట్రంపెట్‌కి మొదటి వాల్వ్‌తో వచ్చే మామూలు స్వరాలేవీ రాయకూడదు. రాయలేదు.

అది సరిగ్గా వచ్చిందని ఎలా తెలియాలి? గాంధారానికైతే విస్పందనాలు ఉన్నాయి. బి ఫ్లాట్ మీద పియానో గాంధారం పెడితే సెకనుకి తొమ్మిది సార్లు పైగా అల కొడుతుంది, దించుతూ వస్తే ఆ అల నెమ్మదించి ఆగుతుంది, ఎవరి చెవికైనా తెలుస్తుంది. నిషాదం అలా కాదు. పియానో నిషాదం నుంచి బయలుదేరితే అల సెకనుకి 30 దాకా ఉంటుంది, అది అలగా కాదు, గరుకుగా వినిపిస్తుంది. అటో ఇటో తెలియదు. మొదటి రిహార్సల్స్‌లో వాళ్ళు నిషాదం దగ్గర అంతగా తడబడటానికి కారణం ఇదే. అందుకని వేరే సాక్ష్యం వాడాను. హార్న్ 233 హెర్ట్జ్ బి ఫ్లాట్, ట్రంపెట్ 408 నిషాదం కలిసి గట్టిగా వాయిస్తే, వాటి తేడా అయిన 175 చెవిలో మూడో స్వరంగా పుడుతుంది. అది మేం శ్రుతి పెట్టుకున్న ఎఫ్. రెండు బార్ల తరువాత ట్యూబా అదే ఎఫ్ మీద మెల్లగా ప్రవేశిస్తుంది. ట్రంపెట్ 5 సెంట్లు తప్పినా ఆ లేని స్వరానికీ ఉన్న స్వరానికీ మధ్య సెకనుకి ఒక అల కొడుతుంది. ట్రంపెట్ ఆమెకి ఇంక ట్యూనర్ అక్కరలేదు, ట్యూబా ఉంది. ఈ ఒక్క ఉపాయం కుదిరిన సాయంత్రం నేను బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచాను.

అప్పటి నుంచి ప్రతి నిలకడ స్వరానికీ ఒక తోడు రాయడం మొదలుపెట్టాను. రాత కూడా అలాగే మారింది. స్వరం మామూలుగానే ఉంటుంది, పైన రెండే గుర్తులు: ఏ గొట్టం, ఎన్నో హార్మోనిక్. "ఎఫ్–7", "బి–5" అని. పక్కన ఒక బాణం, ఎవరిని వినాలో. సెంట్లు తీసేశాను.

కొన్ని వదులుకున్నాను. పదమూడో హార్మోనిక్ మొత్తంగా పోయింది. నేను దాన్ని నిజంగా వినలేకపోతున్నానని ఒప్పుకోవాల్సి వచ్చింది, కాగితం మీద అందంగా ఉందని రాశాను. పదకొండోది ఒక్క హార్న్‌కే ఉంచాను. దూకి చేరితే వాయించేవాళ్ళు తెలియకుండానే పక్క మెట్టుకి జరిగిపోతున్నారు, కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండు దాకా మెట్లెక్కుతూ పోయి, వెనక్కి ఒక్క మెట్టు దిగి అక్కడ నిలబడాలి. వేగంగా నడిచే ట్రంపెట్ భాగాన్ని మామూలు వేళ్ళ కట్టుతోనే వదిలేశాను. అక్కడ ఏ స్వరమూ ఇంకోదానితో కలిసి మోగేంతసేపు ఉండదు. 14 నిమిషాల రచన 9 నిమిషాలైంది.

ప్రదర్శన

చర్చిలో చలి నేననుకున్నంత ఉంది. సుదీర్ఘ మౌనం తరువాత ప్రవేశించేవాళ్ళ వాద్యం చల్లబడి దిగిపోతుందని ముందే ఊహించి, ప్రతి ప్రవేశానికి నాలుగు బార్ల ముందు "చప్పుడు లేకుండా వెచ్చటి గాలి ఊదండి" అని భాగాల్లో రాసిపెట్టాను. బ్రాస్ వాళ్ళు మామూలుగా చేసే పనే గానీ, రాసి ఉంటే ఎవరూ మరిచిపోరు. మొత్తం బృందం కాస్త కిందికే ఉంది, కలిసే ఉంది. చక్రం మూడుసార్లు తిరిగి మొదలైన చోటికే వచ్చింది. నిషాదం మొదటి ప్రదర్శనలో కుదిరింది, రెండో దానిలో ట్యూబా ప్రవేశించాక గానీ కుదరలేదు. అలా ప్రేక్షకుల ఎదుట సర్దుకోవడం నాకు నచ్చింది. తంబూరా పక్కన గాయకుడు షడ్జమం పట్టే క్షణం లాంటిది.

కుదరనిది ఒకటి మిగిలింది. హార్న్ పదకొండో హార్మోనిక్ చాలా మెల్లగా వాయించమన్న చోట రెండు రోజులూ బెసికింది. ఆమె తప్పు కాదు. అంత ఎత్తున హార్మోనిక్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మెల్లగా ఊదితే పక్కదానికి జారడం సులువు. ప్రతిలో ఆ చోట ఇప్పుడు నడిబలం అని దిద్దాను.

ఈ బృందం రెండో రచన అడిగింది. ఈసారి నేను ఏమీ రాయకముందే ట్యూబా పెద్దాయన తన నాలుగో వాల్వ్ స్లయిడ్ ఎంత లాగితే ఏ స్వరం వస్తుందో సెంటీమీటర్ సెంటీమీటర్‌కీ కొలిచి, చేత్తో పట్టిక గీసి పంపారు. ఆ కాగితం నా బల్ల మీద ఉంది. షడ్జమం ఏదో ఇంకా నిర్ణయించలేదు.